పిడి మెడ మీది గీత

అక్టోబరు 9, ఉదయం 5.50

బొంగరమా,

నా ఉత్తరం వారం మధ్యలో వచ్చిందంటేనే కంగారు పడతావు. కనుక ముందే రాస్తున్నాను: మీ అమ్మ ప్రాణానికి ఏ ప్రమాదమూ లేదు. ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుని ఆ తర్వాత కిందికి రా. జరిగినదాన్ని జరిగిన వరుసలోనే పెడుతున్నాను. వరుస తప్పితే నాకే ఏదీ అర్థం కాదు.

1. నిన్న ఉదయం 6.40కి అక్క కుట్టుమిషను మీద గుడ్డ కప్పి లేచింది. కుడికాలు బరువుగా ఉందని అన్నది. అది రోజూ అనే మాటే కాబట్టి నేను తల ఎత్తలేదు.

2. 6.48కి, దుకాణంలో ఇవ్వవలసిన కాలర్ల సంచిని ఎడమ భుజానికి తగిలించుకుని, కుడిచేత్తో నువ్వు బొమ్మ గీసి, నేను అచ్చు చేసిన చేతికర్ర పట్టుకుని బయలుదేరింది. సంచి నేను మోస్తానన్నాను. "నీకిస్తే ఒక్కో కాలరుకీ నంబరు వేస్తూ కూర్చుంటావురా, చిట్టాగాడా. నేను పోతాలే" అన్నది.

3. నేను గుమ్మం లోపల బూట్ల తాడు కట్టుకుంటున్నాను.

4. 6.51కి మెట్ల వైపు నుంచి ఒక శబ్దం. పొట్టిగా, ఎండుపుల్ల విరిచినట్టు.

5. ఆ తర్వాత అక్క కేక. ఆ తర్వాత ఏడు మెట్లు.

6. నేను చేరేసరికి మెట్ల మలుపులో పక్కకు ఒరిగి ఉంది. ఆమె మొదటి మాట: "కాలర్లకి మట్టంటిందేమో చూడు."

7. కింది అంతస్తు డ్రైవరు తన బండిలో వెనక సీటు మడిచి పడుకోబెట్టాడు. 7.25కి ఆసుపత్రి.

8. తుంటి ఎముక విరిగింది. ఎల్లుండి ఆపరేషను.

9. కర్ర పిడి మెడ దగ్గర విరిగింది.

నువ్వు ఇప్పుడే రావద్దు. పదార్థాల పరీక్ష దగ్గరపడింది. వచ్చి నువ్వు చేయగలిగినది ఏదీ లేదు. ఉంటే నేనే పిలిపించేవాణ్ణి.

నీ మేనమామ,
అచ్చుల మేస్త్రి

*

అక్టోబరు 14

మామయ్యా,

రెండుసార్లు చదవమన్నావు. ఆరుసార్లు చదివాను. ఎన్నిసార్లు చదివినా తొమ్మిదో అంకె దగ్గర ఆగిపోతున్నాను. బూట్ల తాడుకి కూడా ఒక అంకె ఇచ్చినవాడివి, కర్ర ఎలా విరిగిందో ఒక్క ముక్కలో తేల్చేశావేం? నన్ను బాధపెట్టకూడదనేగా?

నాకు తెలుసు మామయ్యా. నా మొదటి బొమ్మలో ప్లాస్టిక్ పిడి మెడ, గొట్టం కలిసే ఆ సన్నని చోటు, పద్నాలుగు మిల్లీమీటర్లు. అమ్మ వేళ్లు పొట్టివి, "దీన్ని పట్టుకోవాలంటే నాకింకో చెయ్యి మొలవాలే" అంది. అందుకని పదకొండుకి తగ్గించాను. చూడ్డానికి ఎంత బాగుందో! నువ్వు కూడా పిడికి అచ్చు చేసేటప్పుడు బాగుందనే రాశావు. ఆ మూడు మిల్లీమీటర్లే అమ్మని మెట్ల మీద నుంచి తోసేశాయి.

మొన్న క్లాసులో పదార్థాల మేడం బల్ల మీద పాత సామాను కుమ్మరించారు. ఇస్త్రీపెట్టె పిడి, బకెట్ చెవి, ప్లాస్టిక్ కుర్చీ కాలు. ఒక్కోటి రంపంతో కోసి చూడాలి. ఏ పదార్థం, దాన్ని పోశారా, కొట్టారా, వంచారా, చివరికి ఎక్కడ ఓడిపోతుంది, అన్నీ చెప్పాలి. "వస్తువు ఎక్కడ విరుగుతుందో తెలియనివాళ్లు వస్తువు గీయకూడదు" అన్నారు. అందరూ రాసుకున్నారు. నేను కలం మూత తియ్యలేదు.

నాకు విరిగిన ముక్కలు రెండూ పంపు. మేడంకి చూపిస్తాను. వృద్ధాశ్రమంలో ఇరవైనాలుగు మంది అవే కర్రలతో నడుస్తున్నారు కదా, వాళ్ల సంగతి మనిద్దరం కలిసి తేల్చుకుందాం. ముందు ముక్కలు పంపు.

అమ్మ చెయ్యి నా తరఫున ఒకసారి పట్టుకో. ఏడవలేదని చెప్పు.

బొంగరం

*

అక్టోబరు 20, ఉదయం 6.05

బొంగరమా,

ఆపరేషను జరిగింది. మేకులు నాలుగు, పలక ఒకటి. స్టెయిన్‌లెస్ స్టీలేనా అని సర్జనుగారిని అడిగాను. ఏ రకమో కూడా అడగబోతుంటే నర్సు నన్ను బయటికి పంపింది. అక్క ఆ మత్తులోనే, "వాడికి కొలతలు చెప్పకండమ్మా, రేపు విప్పి చూస్తాడు" అన్నదట. పక్క మంచం ఆవిడ ఇప్పటికీ అదే చెప్పి నవ్వుతోంది.

ఒక ముఖ్యమైన సంగతి. పడినరోజు ఏం జరిగిందో అక్క ఇప్పుడు తేటగా చెప్పింది. ముందు కాలు జారిందట. పడుతూ ఒంటి బరువంతా కర్ర మీద వేసిందట. అందుకే అది విరిగిందట. అలా పడితే ఇనుప కడ్డీ అయినా వంగుతుంది. కాబట్టి మూడు మిల్లీమీటర్ల మాట మరిచిపో. వాటి వల్ల కాదు.

ముక్కలను ఆ రోజే మెట్లు ఊడ్చే ఆమె ఊడ్చేసింది. నేను వెతకలేదు. నా మనసు అక్క మీద ఉంది.

ఆశ్రమం కర్రల గురించి ఆలోచించకు. ఆ సంగతి నేను చూసుకుంటాను.

కుర్చీ కాలు గురించి: అది ఎండలో ఎన్నేళ్లు ఉందో ముందు అడగండి. గోటితో గీకితే తెల్ల పొడి రాలుతుందా? రాలితే దానిని విరిచింది కూర్చున్నవాళ్ల బరువు కాదు, ఎండ. ఇది పుస్తకంలో ఉన్నదో లేదో నాకు తెలియదు. నువ్వు నకలు రాసి పంపిన మూడు అధ్యాయాలలోనైతే లేదు. నాలుగోది పంపుతానన్నావు, తొందర లేదు.

మామయ్య

*

అక్టోబరు 27

మామయ్యగారికి,

ఆశ్రమం చూసే ఆవిడ నాకు కార్డు రాశారు. "మీ మామయ్యగారు వచ్చి, మెరుగు పెట్టాలని ఇరవైనాలుగు కర్రలూ పట్టుకెళ్లారు, బదులు చెక్కకర్రలు ఇచ్చారు, మావాళ్లు పాతవే కావాలని గొడవ చేస్తున్నారు, ఎప్పుడిస్తారు?" అని. తేదీ కూడా రాశారు. అక్టోబరు పది. అంటే అమ్మ పడ్డ మూడో రోజుకే మీరు వెళ్లి తెచ్చేశారు. నాకు ఉత్తరం రాసిన మర్నాడే.

నన్ను ఒక్క మాట అడగలేదు.

ఇంకొకటి. మీ మొదటి ఉత్తరంలో నాలుగో అంకె శబ్దం, ఐదో అంకె కేక. రెండో ఉత్తరంలో ముందు కాలు జారింది, తర్వాత కర్ర విరిగింది. గడియారం తప్పుతుందేమో గానీ మీ వరుస తప్పడం నేను పుట్టాక చూడలేదు. నాకోసం మీరు వరుస మార్చి రాశారంటే ఎంత పెద్ద తప్పు నాదో చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. ముక్కలు పోయాయన్నదీ నేను నమ్మలేదు. అరిగిపోయిన డ్రిల్లు ముక్కని కూడా చీటీ కట్టి దాచే మనిషి మీరు. మీరు దాచినదేమిటో నాకు అర్థమైంది. ఇక దాచక్కర్లేదు.

ఈ కర్రే కదా నా చివరి సంవత్సరం ప్రాజెక్టు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని మేడంకి చెప్పాను. ప్రాజెక్టు లేకపోతే సీటు ఉండదు. పదమూడో తేదీ సాయంత్రం దాకా ఆలోచించుకోమన్నారు, ఆ తర్వాత రిజిస్టరులో పేరు కొట్టేస్తారట. ఆలోచించడానికేముంది?

అమ్మకి ఇప్పుడే చెప్పకండి.

మీ మేనకోడలు

*

నవంబరు 2

బొంగరమా,

నన్ను 'మీరు' అన్నావు. నీ ఉత్తరం నాలుగు మడతలూ విప్పి మొదట చూసినది ఆ మాటనే.

నేను దాచినదేమిటో నీకు అర్థమైందని చదివాక కొలుస్తున్న వెర్నియరు బల్ల మీద పెట్టేశాను. నువ్వు ఏమన్నా పడతాను. పడవలసినవాణ్ణే. అయితే ఒక్క మనవి. మీ మేడంకి ఈ సంగతి చెప్పే ముందు నాకు కొన్నాళ్ల గడువు ఇవ్వు. ఇది కాగితం మీదికి ఎక్కితే మా షాపు పేరు పోతుంది. యజమాని ఊరుకోడు. నాకు సర్టిఫికెట్టు ఏదీ లేదని నీకు తెలుసు. ఊడ్చే పనిలో చేరి, అచ్చుల బల్ల దాకా రావడానికి నాకు పంతొమ్మిదేళ్లు పట్టింది. ఆ బల్ల దగ్గర ఒక పరీక్ష చేయవలసి ఉంది. అది అయ్యేదాకా ఓర్చుకో. చదువు మానే మాట మాత్రం ఎత్తకు. ఇందులో నువ్వు మానవలసినది ఏదీ లేదు.

అక్కను ఇంటికి తెచ్చాము. నాలుగు కాళ్ల ఇనుప చట్రం పట్టుకుని మంచం నుంచి కిటికీ దాకా నడుస్తుంది. పదకొండు అడుగులు. డాక్టరు ఇంతకు మించి ఆశపెట్టలేదు. మూడో అంతస్తు కాబట్టి కాలర్లు ఇక నేనే దించుతున్నాను. నంబర్లు వేయడం లేదు.

నిన్న నేను అన్నం ముందు కూర్చుని తినకపోతే, "ఏరా, దానికి రాశావా?" అన్నది. "ఏమని?" అన్నాను. "ఏమనో నీకు తెలియకపోతే నాకెలా తెలుస్తుందిరా" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మామయ్య

*

నవంబరు 7

మామయ్యా,

నీ ఉత్తరం చదివాక కోపం పోయింది. భయపడుతున్నావని నాకు ఇప్పటిదాకా తట్టనేలేదు. నా చెత్త బొమ్మ వల్ల నీ బల్ల పోతుందని ఎంత నలిగిపోయావో. నిన్ను 'మీరు' అన్నందుకు తిట్టు.

గడువు ఎందుకు? ఆ భయం నీకు లేకుండా చేశాను. నిన్ననే మేడంకి కాగితం రాసిచ్చాను. తప్పంతా గీసినదానిదేననీ, అచ్చు చేసినవాళ్లు బొమ్మలో ఉన్నదే చేశారు తప్ప వాళ్ల పొరపాటు ఏదీ లేదనీ. కింద సంతకం పెట్టాను. మేడం చాలాసేపు చదివి, "ముక్క చూడకుండా నేనేదీ నమ్మను" అన్నారు. ముక్కలు లేవన్నాను. ఇక నీ షాపు జోలికి ఎవరూ రారు.

నా సొరుగు ఖాళీ చేశాను. నైలాన్ గింజల సీసాలు, చెక్క పలకలు, రేకు ముక్కలు, అన్నీ పదార్థాల గదిలో తిరిగి ఇచ్చేశాను. గది చూసే ఆయన లెక్కపెట్టుకుని "ఒకటి తక్కువుందమ్మా" అన్నాడు. నువ్వు పంపిన ఇత్తడి ముక్క, దాన్నీ పొరపాటున లెక్కలో రాసుకున్నాడు. అది ఇవ్వను, అది బడిది కాదు అన్నాను.

ఇక్కడ ఒక దీపాల దుకాణంలో పని ఉందట. చిట్లిన బల్బులు ఏరి పక్కన పెట్టాలి. చాలు. మనుషులు బరువు ఆనించే వస్తువు ఇంకెప్పుడూ గీయను.

నాలుగో అధ్యాయం నకలు దీనితో పంపుతున్నాను. నాకు ఇక అవసరం లేదు గానీ నువ్వు చదువుకో. ప్లాస్టిక్ అచ్చులో ఎలా పారుతుందో బొమ్మలతో ఉంది.

బొంగరం

*

నవంబరు 13

బొంగరమా,

ఈ ఉత్తరాన్ని పోస్టులో వేయడం లేదు. వేస్తే నాలుగు రోజులు పడుతుంది, ఈ సాయంత్రం నీ పేరు కొట్టేస్తారు. మీ బడి ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని, పనిముట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని దాని మూత మీద రాస్తున్నాను. ఆఫీసు తొమ్మిదికి తెరుస్తారట. నీ ఎదుట నిలబడి చెప్పగలిగినవాణ్ణయితే మొదటి ఉత్తరంలోనే రాసి ఉండేవాణ్ణి.

నీకు అర్థమైందన్నది నా నేరమనుకున్నాను. నేను గడువు అడిగినది నీ నేరానికని నువ్వు అనుకున్నావు. ఇద్దరమూ ఒకరి ఉత్తరం ఒకరు తలకిందులుగా చదువుకున్నాము. నీది చదవడంలో పొరపాటు. నాది రాయడంలో మోసం.

మొదటి ఉత్తరంలో నా వరుస అక్టోబరు ఎనిమిదితో మొదలైంది. మొదట జరిగినది అది కాదు. మొదట జరిగినది ఇది:

1. జూన్ 11. నువ్వు రాశావు: కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దిగే చోట నమూనా పిడి మీద మచ్చ పడుతోంది, అది అమ్మ అరచేతికి గుచ్చుకుంటోంది, మామయ్యా ఏమైనా చేయగలవా, అని. నీ బొమ్మలో ఆ దారి పైన, మెడకు దగ్గరగా ఉంది. అది ఉండవలసిన చోటే. మచ్చను ఆకురాయితో నున్నగా చేసి ఇస్తే సరిపోయేది.

2. జూన్ 14. నేను ఆ దారి మూసేశాను. పిడి కొసన, కింది వైపు, ఎవరికీ కనిపించని చోట కొత్తది తొలిచాను. నీకు చెప్పలేదు. మచ్చ ఎలా మాయమైందా అని నువ్వు ఆశ్చర్యపోవాలని. బడిలో నేర్పనిది ఒకటి నాకు తెలుసని.

3. జూన్ 15. కొత్త దారితో పోసిన మొదటి పిడి అచ్చులోంచి బయటికి వచ్చింది. ప్లాస్టిక్ కొస నుంచి మెడ దాకా ప్రయాణం చేసి, దారిలో చల్లారి, గొట్టం దూరే రంధ్రం కోసం పెట్టిన ఉక్కు మేకు దగ్గర రెండు పాయలుగా చీలి, అవతల మళ్లీ కలిసింది. కలిసిన చోట, మెడకు ముందు వైపు, వెంట్రుకంత గీత. దాన్ని నేను చూశాను. చూడలేదని రాయడానికి వీలు లేదు.

4. అదే రోజు. నాలుగు వందల నంబరు ఎమెరీ గరుకు కాగితం, ఆ తర్వాత ఎనిమిది వందలు, ఆ తర్వాత గుడ్డ. గీత పోయింది. పోయింది పైన మాత్రమే. అలా ఇరవైఐదు పిడులూ వంటింటి బల్ల మీద కూర్చుని నా చేత్తో రుద్దాను. అక్క కాలర్లు కుడుతూ చూస్తూనే ఉంది. "దేన్నిరా అంతగా చెరుపుతున్నావు?" అన్నది. మెరుగు పెడుతున్నానన్నాను.

5. అక్టోబరు 8. ముందు శబ్దం, తర్వాత కేక. నా మొదటి వరుసే సరైనది. ఆసుపత్రిలో అక్క నా చెయ్యి పట్టుకుని అన్నది: "నా కాలే జారిందని రాయరా. అది నా కూతురు, నువ్వు నా తమ్ముడివి. ఇద్దరిలో ఎవర్ని తిట్టమంటావు?" నేను రాశాను. ఆమె మాట చాటున నిలబడ్డాను.

6. ముక్కలు పోలేదు. రెండూ నా పెట్టెలోనే ఉన్నాయి, చీటీ కట్టి. విరిగిన చోట గరుకు లేదు, నార లేదు. రెండు మైనపు ముద్దలు పక్కపక్కన అంటించి విడదీసినట్టు నున్నగా ఉంది. అది ఏనాడూ అతుక్కోలేదు.

7. అక్టోబరు 10. ఇరవైనాలుగు కర్రలు వెనక్కి తెచ్చి పిడులన్నిటినీ రంపంతో కోశాను. ఇరవైనాలుగింటిలోనూ అదే చోట అదే గీత. నీ బొమ్మ మీద నమ్మకం లేక తేలేదు. నా అచ్చు మీద నమ్మకం లేక తెచ్చాను. ఆ మాట ఆశ్రమంలోనూ చెప్పలేదు.

8. నవంబరు 8. నా దారి మూసి, నీ దారి మళ్లీ తెరిచి, నాలుగు పిడులు పోశాను. మెడ అదే పదకొండు మిల్లీమీటర్లు. ఒక్కోదానికీ బరువులు వేలాడదీశాను. నూట నలభై కిలోల దాకా ఏదీ విరగలేదు, అంతకు మించి మా షాపులో బరువులు లేవు. మూసే ముందు నా దారితో పోసిన మూడూ విరిగాయి: 52, 49, 55 కిలోల దగ్గర. మీ అమ్మ బరువు 58.

9. నవంబరు 6న నువ్వు మేడంకి ఇచ్చిన కాగితం అబద్ధం. నీ మూడు మిల్లీమీటర్లు ఏ పాపమూ చేయలేదు.

నువ్వు పంపిన నాలుగో అధ్యాయం పదకొండో తేదీన అందింది. నాలుగో పేజీలో ఆ గీత బొమ్మ ఉంది, బాణం గుర్తుతో సహా. ఇలాంటి చోట బరువు పడనివ్వకూడదని రాసి ఉంది. జూన్‌లో అది నా దగ్గర ఉంటే అని అనుకోబోయి ఆగాను. పుస్తకం లేకపోయినా నా కన్ను ఉంది. కన్ను చూసినదాన్ని నేను రుద్దేశాను.

పన్నెండో తేదీ ఉదయం యజమాని ముందు ఈ తొమ్మిది అంకెల పట్టీ పెట్టాను. పైనుంచి కిందికి చదివాడు. "నోటితో చెప్పుకో, ఎవరికైనా చెప్పుకో. కాగితం మీద సంతకం పెట్టి బయటికి ఇచ్చావో, అచ్చుల బల్ల దగ్గరికి మళ్లీ రాకు" అన్నాడు. పెట్టె అక్కడ వదలకుండా వెంట తెచ్చుకున్నది అందుకే.

బయలుదేరుతుంటే అక్క చట్రం పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. పంతొమ్మిది అడుగులు. నేను లెక్కపెట్టినట్టు ఆమెకు తెలిసింది. "దాన్ని ఇంటికి తీసుకురాకురా. అక్కడే ఉంచిరా" అన్నది. నీకు కబురు అంతే. తన కాలు గురించి ఏమీ చెప్పమనలేదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. అలాంటి అంకె ఈ పట్టీలో లేదు. నువ్వు నన్ను చూడటానికి కిందికి రానవసరం కూడా లేదు. తలుపు తెరిచాక మేడం బల్ల మీద ఈ పట్టీ నకలు, విరిగిన ముక్కలు రెండు, విరగని పిడులు నాలుగు పెడతాను. ఈ ఉత్తరం నీకు ఇవ్వమంటాను. పది గంటల బండికి వెళ్లిపోతాను. ముక్క చూడకుండా ఏదీ నమ్మనన్న మనిషి కాబట్టి ఆమె మీద నాకు నమ్మకం ఉంది.

బెంచీకి ఎదురుగా మీ పనులు పెట్టే గాజు అలమార ఉంది. రెండో అరలో ఒక చోటు ఖాళీ. నమూనా కర్ర తీసేశారు, చీటీ తీయలేదు. 'చేతికర్ర. పదార్థం: గాజునార కలిపిన నైలాన్' అని అచ్చులో ఉంది. దాని కింద నీ చేతిరాత: 'అచ్చు చేసినది: మా మామయ్య.'

ఇన్నేళ్లలో ఎన్ని అచ్చులు చేశానో నా పుస్తకంలో ఉంది. ఒక్కదాని మీదా నా పేరు లేదు, నంబరే. మేడంకి ఇచ్చే నకలు కింద మాత్రం పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పొడి అక్షరాలు లేకుండా రాసి సంతకం చేశాను.

తలుపు తీస్తున్నారు. ఉదయం 8.57.

అచ్చు చేసినవాడు,
దారి మార్చినవాడు,
గీత చెరిపినవాడు,
నీ మామయ్య